ఎడమ వైపు నాడాలు

ఆ వీధిలో ఆయన్ని అందరూ అంగుళం మాస్టారు అనేవారు. ఆ పేరు పెట్టిందెవరో తెలియదు కానీ, పెట్టినవాడు ఆయన దగ్గర కనీసం ఒక్క చొక్కా కుట్టించుకునే ఉంటాడు. టేపు ఒక్కసారి పెట్టి ఊరుకునే మనిషి కాదు. భుజాల మీద మూడుసార్లు పెట్టేవారు, మెడ చుట్టూ రెండుసార్లు తిప్పేవారు, ఆ తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, "మీ కుడి భుజం అర అంగుళం దిగి ఉందండీ, సంచి ఆ పక్కే మోస్తారా?" అని అడిగేవారు. అడిగించుకున్నవాడికి ఒళ్లు మండేది, కానీ చొక్కా తొడుక్కున్నాక నోరు మూసుకునేవాడు. ఇక ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వదులుగా కావాలన్నవాడికి కూడా తనకు సరైనదనిపించిన కొలతే కుట్టి, "ఇదే వదులు" అని పంపేవారు.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "ఒక్క సంబంధమూ కొలతకు రాలేదండీ" అనేవారు. వినేవాళ్లు నవ్వేవారు. పక్కన కూర్చుని కాజాలు కుడుతున్న అక్క మాత్రం నవ్వేది కాదు. తనను ఒంటరిగా వదిలేయాల్సి వస్తుందేమోనని తమ్ముడు ప్రతి సంబంధానికీ ఏదో ఒక వంక పెట్టాడని ఆమెకు తెలుసు. తెలిసినా ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కొన్ని ఇళ్లలో ప్రేమ అంతే. అదొక్కటి తప్ప మిగతావన్నీ మాట్లాడుకుంటారు.

అక్క ఆయన కంటే తొమ్మిదేళ్లు పెద్దది. తండ్రి పోయేనాటికి ఆయనకు పదిహేడు. కత్తెర పట్టుకోవడం వచ్చు కానీ దాన్ని బట్ట మీద పెట్టే ధైర్యం లేదు. అక్క భర్త అంతకు రెండేళ్ల ముందే జ్వరంతో పోయాడు. దుకాణం మూసేయమన్న చుట్టాల మాట పెడచెవిన పెట్టి, ఆమె తాళం తీసి, తమ్ముణ్ణి కత్తిరింపు బల్ల ముందు నిలబెట్టింది. "నువ్వు కత్తిరించు. చెడిపోతే నేను చూసుకుంటా" అంది. చెడిపోయింది. ఆ మొదటి నెల చెడిపోయిన బట్టలన్నిటినీ ఆమె దిండు గలీబులుగా మార్చేసింది. ఇప్పటికీ ఆ ఇంట్లో దిండ్ల కంటే గలీబులే ఎక్కువ.

అలా నలభై ఏళ్లు గడిచాయి. కత్తిరింపు, మిషను కుట్టు ఆయనవి. కాజాలు, గుండీలు, అంచు మడతలు, మొత్తం చేతిపని ఆమెది. కింద దుకాణం, పైన రెండు గదులు, మధ్యలో పదహారు మెట్లు. ఆమెకు కోపం వస్తే అరవదు, భోజనం మానదు. పని సగంలో ఆపేస్తుంది. చొక్కాకు ఆరు కాజాలు కావాలంటే మూడు కుట్టి, చక్కగా మడతపెట్టి, బల్ల మీద పెట్టి పైకి వెళ్లిపోతుంది. తపాలా ఆఫీసులో పనిచేసే ఒకాయన చూసుకోకుండా మూడు కాజాల చొక్కా తొడుక్కుని ఆఫీసు దాకా వెళ్లి, పొట్ట చేత్తో పట్టుకుని పరుగున తిరిగొచ్చాడు. సగం పని కనబడగానే మాస్టారు తన తప్పేమిటో వెతుక్కుని, మెట్లెక్కి బతిమాలుకునేవారు. ఆమె మూతి ముడుచుకుని, "ఇటు తే" అని మిగతా సగం కుట్టేది. ఆ ఇంట్లో సగం పని అంటే అలక. దానికి ఇంకో అర్థం ఉండవచ్చని నలభై ఏళ్లలో ఇద్దరికీ తోచలేదు.

అలాంటి రోజుల్లో మహమ్మారి వచ్చింది. వీధి మొగలో టీ కొట్టాయన అన్నగారికి దగ్గు పట్టుకుంటే తెల్లబండిలో తీసుకెళ్లారు. పదకొండో రోజున సంచిలో చుట్టి, ఇంటికి కూడా తేకుండా అటునుంచి అటే సాగనంపారు. టీ కొట్టాయన దూరాన నిలబడి చూసొచ్చి, "ఆ సంచిలో ఉన్నది మా అన్నో కాదో కూడా తెలియలేదు మాస్టారూ" అన్నాడు. ఆ మాట మాస్టారి గుండెల్లో దిగబడిపోయింది.

అక్కకు అరవై ఆరేళ్లు, బీపీ ఉంది, షుగరు ఉంది. దుకాణానికి వచ్చే మనుషుల్లో ఎవరి ఊపిరిలో ఏముందో ఎవరికి తెలుసు? మాస్టారు ఆ సాయంత్రమే తన పరుపు చుట్టి భుజాన వేసుకుని కిందికి దిగారు. "ఈ గొడవ తగ్గేదాకా నేను కింద, నువ్వు పైన. నేను మెట్లు ఎక్కను, నువ్వు దిగకు" అన్నారు. పై కిటికీ నుంచి ఒక తాడు, తాడుకు ఒక బుట్ట. సరుకులూ మందులూ పైకి వెళ్లేవి, టీ ఫ్లాస్కూ భోజనమూ కిందికి వచ్చేవి. తను పెట్టిన నియమాన్ని ఆయన అంగుళం కూడా తప్పలేదు. అక్క కోసమే పెట్టారు మరి, తప్పుతారా?

పనికి మాత్రం లోటు లేదు. వీధులు ఊడ్చే కార్మికుల కోసం మాస్కులు కుట్టమని పురపాలక ఆఫీసు వాళ్లు చెప్పారు. ఎలాస్టిక్ దొరకడం లేదు కాబట్టి నాలుగు మూలలా గుడ్డ నాడాలు వేయాలి, రెండు తల వెనక, రెండు మెడ వెనక కట్టుకోవాలి. మాస్టారు గుడ్డ కత్తిరించి, మడతలు పెట్టి, మిషను మీద కుట్టి, పై అంచు ఏదో తెలిసేలా సుద్దముక్కతో చిన్న గీత గీసి బుట్టలో వేసేవారు. అక్క నాలుగు మూలలా నాడాలు కుట్టి దించేది.

మొదటి రెండు వారాలు అదొక ఆటలా సాగింది. బుట్టలో చీటీలు, చీటీల్లో ఎగతాళి. మూడో వారానికి ఆట విసుగేసింది. మాస్టారు మిషను ఆపినప్పుడల్లా పైనుంచి టీవీ మాట్లాడుతూ వినబడేది. అక్క మాట వినబడేది కాదు. ఒకే కప్పు కింద ఇద్దరున్నారు, ఇద్దరివీ ఒంటి బతుకులే. నెల దాటాక ఒక సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇవాళ నాలుగు మెట్లు దిగి కూర్చుంటా. నువ్వు బల్ల దగ్గరే ఉండు. కాసేపు మొహం చూసుకుని పోతా."

"మెట్టు దిగావంటే ఊరుకోను."

"ఈ గోడలతో ఎంతకని మాట్లాడనురా?"

"టీవీ చూడు."

"నేను చూస్తాను సరే, అది నన్ను చూడదు కదా."

"అక్కా, టీ కొట్టాయన అన్నకి ఏమైందో..."

"పోయినవాళ్ల కథ చెప్పి ఉన్నదాన్ని చంపకు" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

మాస్టారు అంత కటువుగా మాట్లాడటానికి ఇంకో కారణం ఉంది. రెండు రోజులుగా ఆయన గొంతులో గరగర, పొడిదగ్గు. జ్వరం లేదు కానీ దగ్గు ఉంది. ఆ రోజుల్లో దగ్గు ఉందని చెప్పుకోవడం కంటే దొంగతనం చేశానని చెప్పుకోవడం సులువు. ఆయన ఎవరికీ చెప్పలేదు. అక్కకు అసలే చెప్పలేదు.

మర్నాడు ఉదయం ఏడింటికి ఆమె కిటికీలో కనబడి టీ ఫ్లాస్కు దించింది. "ఇవాళ చక్కెర తక్కువైంది, సర్దుకో" అంది, ముభావంగా. పదింటికి బుట్ట మళ్లీ దిగింది. అందులో పన్నెండు మాస్కులు.

మాస్టారు అలవాటు ప్రకారం సుద్దగీత పైకి వచ్చేలా వాటిని బల్ల మీద వరసగా పరిచారు. కుడివైపు మూలలకు నాడాలు ఉన్నాయి. ఎడమ వైపు మూలలు బోడిగా ఉన్నాయి. ఒకటి కాదు, రెండు కాదు, పన్నెండూ అంతే. ఆయనకు నవ్వొచ్చింది. నిన్నటి కోపం ఇంకా తగ్గలేదన్నమాట అనుకుని ఫోన్ చేశారు.

"ఏంటక్కా, సగమే కుట్టి పంపావ్?"

"సగమేంటి? అన్నీ కుట్టాను."

"ఎడం పక్క నాడాలేవి మరి?"

"కళ్లజోడు తుడుచుకుని చూడు. నాలుగు మూలలా కుట్టాను."

"అక్కా, నా ముందే ఉన్నాయి!"

"నా చేత్తో నేను కుట్టి, నాకు తెలీదా?"

ఆమె మాట కాస్త ముద్దగా వచ్చింది. నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతోందనుకున్నారు.

"ఎడం చెయ్యి తిమ్మిరెక్కిందిరా" అంది ఆమె. "నాది కానట్టు ఉంది."

"దాని మీదే పడుకునుంటావ్."

"అయ్యుంటుందిలే."

మాస్టారు ఒక కాగితం ముక్క మీద, "నిన్న అన్నదానికి తప్పు నాదే. అలక తీరాక మిగతా సగం కుట్టు" అని రాసి, మాస్కులతో పాటు బుట్టలో పెట్టి తాడు కదిపారు. నలభై ఏళ్లలో ఆయన కాగితం మీద తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. అందుకు తనను తాను కాస్త మెచ్చుకున్నారు కూడా. బుట్ట గోడకు కొట్టుకుంటూ, మధ్య మధ్య ఆగుతూ చాలాసేపటికి పైకి చేరింది. అదీ చూశారు. చూసి మళ్లీ కత్తెర అందుకున్నారు.

రెండింటికి మాస్కులు తిరిగొచ్చాయి. భోజనం రాలేదు. మాస్టారు వాటిని పరిచి చూశారు. కుడివైపు మూలల్లో ఉన్న నాడాల పక్కనే ఇంకో నాడా, కొన్నింటికి దాని పక్కన ఇంకోటి. కుట్లు పెద్దవిగా, వంకరగా, దారం ఉండలు కట్టి. ఎడమ వైపు ఇప్పటికీ బోడే.

అక్క అలిగితే కుట్టు ఆపుతుంది కానీ చెడగొట్టదు. నలభై ఏళ్లలో ఆమె చేతి నుంచి ఒక్క వంకర కుట్టు రాలేదు. ఇది అలక కాదు. ఆ సంగతి మాస్టారికి తెలిసింది. తర్వాత ఎవరెన్ని రకాలుగా సర్దిచెప్పినా, ఆ రోజు రెండింటికే తనకు తెలిసిందన్నది ఆయన మర్చిపోలేదు.

లేచి మెట్ల దగ్గరికి వెళ్లారు. ఎక్కారు. తొమ్మిదో మెట్టు మీద దగ్గు వచ్చింది. ఆగకుండా వచ్చింది. గోడ పట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గి, పైనున్న తలుపు వైపు చూశారు. ఇంకా ఏడు మెట్లు. ఆ ఏడూ ఎక్కితే తన ఊపిరే అక్కను చంపుతుందేమోనని అనిపించింది. వెనక్కి తిరిగి దిగిపోయారు.

ఎదురుగా మందుల షాపు ఉంది. షాపాయన ప్లాస్టిక్ తెర వెనక కూర్చుని ఉన్నాడు. మాస్టారు వీధిలోనే నిలబడి సంగతి చెప్పారు, దగ్గు సంగతి తప్ప.

"బీపీ మాత్ర వేసుకుంటున్నారా ఆవిడ?"

"వేసుకుంటూనే ఉంది."

"నీరసమై ఉంటుంది మాస్టారూ. ఇంట్లో కూర్చుని కూర్చుని మా ఆవిడకీ చేతులు తిమ్మిర్లే. ఇప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లారనుకోండి, లేని జబ్బు తగిలించుకొచ్చినట్టు అవుతుంది. అసలు మంచం దొరికితే కదా! ఈ రాత్రి చూడండి. తగ్గకపోతే రేపు ఆలోచిద్దాం."

షాపాయన చెడ్డవాడు కాదు. ఆ నెలలో ఊరు ఊరంతా ఒకరికొకరు చెప్పుకున్న మాటే చెప్పాడు. మాస్టారికి కూడా ఎవరో ఒకరు ఆ మాట అనడమే కావలసి వచ్చింది. అయినా మనసు ఆగక, దుకాణంలోకి వచ్చి అత్యవసర నంబరుకు ఫోన్ చేశారు. చేతులు కడుక్కోమని చెప్పే రికార్డు అయ్యాక ఒకమ్మాయి గొంతు పలికింది.

"చెప్పండి, ఎవరికి బాగోలేదు?"

"మా అక్కకి. చెయ్యి తిమ్మిరంటోంది. మాట కొంచెం..."

"ఇంట్లో ఎవరికైనా దగ్గు గానీ జ్వరం గానీ ఉన్నాయా అండీ?"

మాస్టారికి సరిగ్గా అప్పుడే దగ్గు వచ్చింది. నోరు నొక్కుకున్నారు. తనకు దగ్గు ఉందంటే తెల్లబండి వస్తుంది. ఇద్దర్నీ తీసుకెళ్తారు, చెరో చోట పడేస్తారు. పదకొండో రోజున ఆ సంచిలో ఉన్నది అక్కో కాదో కూడా తెలియదు.

"హలో? వినిపిస్తోందా అండీ?"

"రాంగ్ నంబరండీ" అని మాస్టారు పెట్టేశారు.

నంబరు సరైనదే. చేసిన మనిషికే ధైర్యం చాలలేదు. పులి నోట్లో తల పెట్టడం ఇష్టం లేక ఆయన అక్కను ఇంట్లో ఉంచేశారు, అసలు పులి అప్పటికే మెట్లెక్కి పైన కూర్చుందని తెలియక.

సాయంత్రం ఫోన్ చేస్తే ఆమె చాలాసేపటికి ఎత్తింది. "నిద్రొస్తోందిరా" అంది. "నాడాలు కుట్టేశాను కదా" అంది. "కుట్టావక్కా, బాగున్నాయి" అన్నారు మాస్టారు. ఆయన ఆమెతో ఆడిన మొదటి అబద్ధం అది కాదు కానీ, గొంతు వణికిన మొదటిది అదే. ఆ రాత్రి కుర్చీలో కూర్చునే తెల్లవార్చారు. పైన టీవీ కూడా వినబడలేదు.

ఏడింటికి కిటికీలో ఎవరూ కనబడలేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఈసారి మాస్టారు తొమ్మిదో మెట్టు మీద ఆగలేదు.

అక్క మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. దుకాణానికి దిగబోతున్నట్టు తయారైంది. కుడివైపు జుట్టు నున్నగా దువ్వి ఉంది, ఎడమ వైపు పక్క మీంచి లేచినట్టే రేగి ఉంది. స్వెటర్ కుడి చేతికి తొడిగి ఉంది, దాని ఎడమ చెయ్యి ఖాళీగా వెనక్కి వేలాడుతోంది. మాస్టారి కంటి కొలత ఎన్నడూ తప్పలేదు. ఆమె ఎడమ భుజం రెండంగుళాలు దిగిపోయి ఉంది. కొత్తవాళ్ల భుజాల్లో అర అంగుళం తేడా కనిపెట్టిన మనిషి, సొంత అక్క భుజం చూడటానికి ఒక పగలూ ఒక రాత్రీ ఆలస్యం చేశారు.

ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంటే ఆమె ఆయన్ని చూసి నవ్వింది. మూతి కుడి సగం మాత్రమే నవ్వింది.

"పైకి రాకూడదు కదరా" అంది.

మాస్టారు బావురుమన్నారు. ఏడుస్తూనే అదే నంబరుకు ఫోన్ చేశారు. దగ్గు ఉందా అని అడిగితే, "నాకుంది, ఆమెకి లేదు, ఎవర్ని ఎక్కడికైనా తీసుకెళ్లండి, తొందరగా రండి" అన్నారు. పద్దెనిమిది నిమిషాల్లో బండి వచ్చింది. నిన్న చేసినా పద్దెనిమిది నిమిషాల్లోనే వచ్చేది.

ఆసుపత్రి ఆయన భయపడినట్టు లేదు. ఆ జబ్బు వాళ్ల వార్డు వేరే భవనంలో, వేరే గేటుతో ఉంది. అక్కను దింపిన అత్యవసర విభాగంలో మంచాలు సగం ఖాళీ. తెల్లదుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయి. ఇంతమంది గుండెపోట్లవాళ్లు, పక్షవాతాలవాళ్లు ఈ నెలలో ఎక్కడికి పోయారో అర్థం కావడం లేదని ఒక నర్సు ఇంకో నర్సుతో అనడం మాస్టారు విన్నారు. ఎక్కడికీ పోలేదు తల్లీ, మాలాగే ఇంట్లో కూర్చుని రేపు ఆలోచిద్దామనుకుంటున్నారని చెప్పాలనిపించింది.

ఒంటి నిండా తొడుగు వేసుకున్న డాక్టరమ్మ గాజు అద్దం వెనక నుంచి అడిగింది. ఆమెలో కళ్లు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"ఆవిడ మామూలుగా ఉండగా ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న ఉదయం ఏడింటికి. కిటికీలో."

"నిన్నా? ఇవాళా?"

ఇవాళ అని అబద్ధం చెబితే ఏదైనా మేలు జరుగుతుందేమోనని ఒక్క క్షణం అనిపించింది. కానీ అప్పటికే అబద్ధాలకు దొరికిన ఫలితం కళ్ల ముందు స్ట్రెచర్ మీద ఉంది.

"నిన్న. పదింటికే తేడా వచ్చింది. నేను అలిగిందనుకున్నాను."

డాక్టరమ్మ చేతిలోని స్కాన్ ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసింది. "మెదడులో రక్తం గడ్డకట్టింది. దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది కానీ, నాలుగైదు గంటల్లోపే ఇవ్వాలి. ఇప్పుడిస్తే ప్రాణానికే ప్రమాదం" అంది. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండునని మాస్టారు ఎదురుచూశారు. ఆమె ఇంకో మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

ఆయనకూ పరీక్ష చేశారు. మర్నాడు ఫలితం చెప్పిన కుర్ర నర్సు, "మీకేం లేదండీ. ఇంతకీ ఏం పని చేస్తారు?" అని అడిగింది. టైలరింగ్ అని చెప్పారు. "రోజంతా గుడ్డ కత్తిరిస్తారా? నూగు గొంతులోకి పోతోంది. మాస్కు పెట్టుకుని కత్తిరించండి, తగ్గిపోతుంది" అంది. ఊరందరికీ మాస్కులు కుట్టిన మనిషి, దుకాణంలో ఒక్కణ్ణే కదా అని తను మాస్కు పెట్టుకోలేదు. అక్కను చంపుతుందనుకున్న దగ్గు, నిజానికి ఆమె నాడాలు కుట్టాల్సిన గుడ్డ తాలూకు నూగు. మాస్టారు ఆసుపత్రి బయట సిమెంటు బెంచీ మీద ఆ సాయంత్రం దాకా కూర్చున్నారు. పలకరించేవాళ్లు లేరు. ఉన్నా ఆ రోజుల్లో ఆరడుగుల దూరం నుంచి పలకరించాలి. అంత దూరం నుంచి ఏ ఓదార్పూ మనిషికి ఆనదు.

పద్దెనిమిది రోజులకు అక్కను ఇంటికి పంపారు. నడక పోయింది, ఎడమ చెయ్యి పోయింది. మాట చాలావరకు తిరిగొచ్చింది. పంపేముందు డాక్టరమ్మ వివరంగా చెప్పింది.

"కళ్లు బాగానే ఉన్నాయండీ. మెదడే ఎడమ వైపు అనేదాన్ని లెక్కలోంచి తీసేసింది. అటు ఏముందో చూడదు, అటు ఏదైనా ఉందని కూడా ఆవిడకి తెలీదు. కంచంలో కుడి సగం తిని, అయిపోయిందంటారు. అబద్ధం కాదు, ఆవిడ మటుకు అయిపోయినట్టే."

"అన్నీ కుట్టానంది" అన్నారు మాస్టారు.

"ఏంటండీ?"

"ఏం లేదమ్మా. చెప్పండి."

"మీరు ఎప్పుడూ ఎడమ వైపే కూర్చోండి. అటునుంచే మాట్లాడండి, ఆ చేతినే పట్టుకోండి. అలా చేయగా చేయగా అటు తిరగడం నేర్చుకోవచ్చు. నెలలు పట్టొచ్చు. రాకపోనూ వచ్చు."

మాస్టారు పరుపు మళ్లీ పైకి చేర్చారు. దుకాణానికి తాళం వేశారు. మిషనును నలుగురి చేత పట్టించి పై గదిలో వేయించుకుని, మంచానికి ఎడమ పక్క కూర్చుని కుట్టేవారు. నియమం పెట్టుకుంటే అంగుళం తప్పని మనిషి కదా, తెల్లవారి లేచింది మొదలు ఎడమ వైపే. వీధి కబుర్లన్నీ చెప్పేవారు. ఆ చేతిని నూనెతో రుద్దేవారు. ఆమె కుడి పక్కనున్న గోడ కేసి చూస్తూ పడుకునేది. ఎప్పుడైనా ఉండబట్టలేక ఆయన మంచం చుట్టూ తిరిగి కుడివైపుకు వెళ్తే ఆమె మొహం వెలిగేది.

"ఎప్పుడొచ్చావురా?"

"ఇప్పుడే అక్కా."

"పొద్దుట్నుంచీ ఒక్క మనిషి లేడు. గోడలతో ఎంతకని మాట్లాడను?"

పొద్దుటినుంచీ తను పక్కనే ఉన్నానని చెబితే ఆమె నమ్మేది కాదు. కాసేపు కూర్చుని, ఆమె నిద్రలో పడ్డాక మళ్లీ ఎడమ వైపుకే వచ్చేవారు. కుడివైపు ఉంటే ఇద్దరికీ తోడు, ఎడమ వైపు ఉంటే ఆమెకు మందు. ఏది ఎంచుకోవాలో ఆయనకు డాక్టరమ్మ చెప్పింది. అది రోజూ ఎలా భరించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఏడాది గడిచింది. మహమ్మారి తగ్గింది. జనం మొహాలు బయటపెట్టుకుని తిరుగుతున్నారు, టీ కొట్టు మళ్లీ తెరిచారు. ఒక మధ్యాహ్నం మాస్టారు ఎప్పటిలాగే ఎడమ పక్క ముక్కాలి పీట మీద కూర్చుని, ఆమె చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని, ఒక్కొక్క వేలూ చాపుతున్నారు. ఆమె ఉన్నట్టుండి తల ఎత్తింది.

"తమ్ముడూ!"

"ఇక్కడే ఉన్నానక్కా."

ఆమె తల కుడివైపుకు తిప్పింది. గోడ చూసింది, కిటికీ చూసింది.

"ఎక్కణ్ణుంచిరా?"

"నీ పక్కనే. ఇటు చూడు, ఇటు."

ఆమె ఇంకా కుడికి తిరిగింది. మెడ నరాలు పైకి తేలేదాకా తిరిగి, ఎవరూ కనబడక తలను మళ్లీ దిండు మీద వాల్చింది. ఆమె వేళ్లు ఆయన చేతుల్లోనే ఉన్నాయి.

"ఇంకా కిందే ఉన్నావా? ఆ జబ్బు పోయిందటరా, టీవీలో చెప్పారు. ఇంక భయం లేదు, పైకి రా. నేనొక్కదాన్నే ఉన్నాను."

"వస్తున్నానక్కా" అన్నారు మాస్టారు.